రంగు పడని బ్రేకరు

త్రిమూర్తులు చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని, తను పోసిన స్పీడు బ్రేకరు మీద నాలుగోసారి నడిచాడు. కాలు ఎక్కడ తడబడితే అక్కడ వాలు ఎక్కువైనట్టు. ఇంజినీరుగారి కాగితంలో సెంటీమీటర్లుంటాయి గానీ, ముప్పయ్యేళ్లుగా అతని కొలబద్ద ఆ పాదాలే. పగుళ్లలో తారు ఇంకి, గోళ్లు కూడా నల్లబడిపోయిన పాదాలు. ఎప్పుడో తారు చింది ఎడమ కనుబొమ్మ కాలిపోతే మళ్లీ మొలవలేదు. అందుకని ఊరికే నిలబడ్డా ఏదో అనుమానపడుతున్నవాడిలా కనిపిస్తాడు.

వాలు బాగానే కుదిరింది. ఎత్తూ బెత్తెడే. నిన్న సాయంత్రం పోసిన తారు రాత్రంతా చల్లారి రాయిలా బిగిసింది. ఒక్క రంగే పడలేదు.

తూరుపుమెరక బడి ముందు, కాలవగట్టు మలుపులో, కడియం నుంచి వచ్చే మొక్కల లారీ ఒకటి ఇద్దరు పిల్లల్ని గుద్దేశాక, ఊరంతా అర్జీల మీద అర్జీలు పెట్టుకుంటే మంజూరైన బ్రేకరిది. తెల్లచారలు పడితేనే అది బ్రేకరు. నల్లరోడ్డు మీద నల్లగా పడుకుని ఉంటే, దానికంటే లేకపోవడమే నయం. ఈ సంగతి త్రిమూర్తులికి తెలిసినట్టు ఎవరికీ తెలీదు.

ఆరేళ్ల కిందట కాలవ అవతల ఊళ్లో ఇలాగే పోసి, రంగు రేపొస్తుందంటే నమ్మి వెళ్లిపోయాడు. ఆ సందెవేళే బండి వెనక ఓపక్కకి తిరిగి కూర్చున్న ఓ ఇల్లాలు ఎగిరి పడింది. పదకొండో రోజు పెద్దకర్మకి ఎవరూ పిలవకుండానే వెళ్లాడు. పటంలో ఆవిడ ముఖం చూసి వచ్చేద్దామనుకున్నాడు. "భోంచేసి వెళ్లాలండి" అని చెయ్యి పట్టుకుని బంతిలో కూర్చోబెట్టారు. "మీదే ఊరండి?" అని పక్కాయన అడిగితే, "రోడ్డు పనికొచ్చానండి" అన్నాడు. విస్తట్లో వేసింది మెతుకు మిగల్చకుండా తిన్నాడు. ఆ మాట పెళ్లాం వెంకటదుర్గకి కూడా చెప్పలేదు. "మంచమ్మీద కూర్చున్నా నీ కాళ్లు నడుస్తానే ఉంటాయేంటయ్యా?" అని ఆవిడ ఇప్పటికీ విసుక్కుంటుంది.

ఇవాళ పని ఇక్కడ కాదు. వంద గజాల అవతల గుంటలు పూడ్చాలి. త్రిమూర్తులు రెండు గమేళాల కంకర పోయడం, బ్రేకరు దగ్గరికి పరిగెత్తుకు రావడం. మళ్లీ రెండు గమేళాలు, మళ్లీ పరుగు. పొద్దున్నే బడి పక్కింటి శ్యామలాంబగారిని అడిగి డబ్బాడు ముగ్గుపిండి తెచ్చి చారలు గీశాడు. ఆవిడ గుమ్మంలోంచి చూసి నవ్వింది.

"రోడ్డు మీద ముగ్గేంటయ్యా, గొబ్బెమ్మలు కూడా పెడతావా?"

"రంగొచ్చేదాకానండి అమ్మగారూ!"

పదింటికల్లా టైర్లు ఆ చారల్ని ఊదేశాయి.

ఒంటిపూట బడి వదిలే వేళకి మళ్లీ వచ్చి చూస్తే బ్రేకరే లేదు. శ్యామలాంబగారి పెనిమిటి చిట్టియ్యగారు మినపచేను పీకించుకొచ్చి, ఈ చివర నుంచి ఆ చివరదాకా, బ్రేకరుతో సహా, మోకాలెత్తున రోడ్డు మీద పరిపించేశాడు. ఎండిన మినపకట్టె బళ్ల కింద నలిగి కాయలు చిట్లడం ఆ రోడ్డుకి ఏటా ఉన్నదే.

"ఏవండీ చిట్టియ్యగారూ! కింద బ్రేకరుందండీ!"

"ఉందనేగా పరిచింది!" చిట్టియ్యగారు కర్రతో కట్టె తిరగేస్తూ తన తెలివికి తనే మురిసిపోయాడు. "వొట్టి రోడ్డు మీదైతే సర్రున పోతారు, గింజ సరిగ్గా రాల్దు. ఇక్కడ స్లో చేసి, ఎక్కి, దిగుతారా? రెండు నలుగుళ్లు. పైగా వంగి కట్టె తిరగేస్తుంటే నా నడుం మీదకి ఎవడూ రాడు. బాగా కట్టావయ్యా, నీ చేతిలో వాసి ఉంది."

"ఉన్నట్టు కనిపిస్తే కదండీ స్లో చేసేది!"

"ఊళ్లో అందరికీ తెల్సు."

"పైఊరోళ్లకండీ?"

అంతలోనే స్కూటీ వచ్చింది. మొగుడు నడుపుతున్నాడు, వెనక ఆడమనిషి, ఒళ్లో క్యారేజీ. త్రిమూర్తులు చేతులూపుతూ ఎదురు పరిగెత్తాడు. దారి అడుగుతున్నాడనుకున్నారో ఏమో, పక్కనుంచి కోసుకుపోయారు. బండి గాల్లోకి లేచింది. ఆవిడా లేచింది. మళ్లీ సీటు మీదే పడి, మొగుడి చొక్కా గుప్పిట పట్టి చింపేసింది. క్యారేజీ మాత్రం దొర్లి దొర్లి కాలవలో పడింది.

"కళ్లు నెత్తికెక్కాయా మీకు? రోడ్డు మీద చేను పరుస్తారా?" ఆవిడ దిగి ఏడుపూ తిట్టూ కలిపి అరుస్తోంది. త్రిమూర్తులు ఆవిడ కాళ్లూ చేతులూ చూస్తున్నాడు, ఎక్కడా నెత్తురు లేదు కదా అని. 

 బండి వెళ్లాక చిట్టియ్యగారు కట్టెనంతా పక్కకి లాగేసి, చీపురు తెచ్చి, బ్రేకరుని తనే ఊడ్చాడు. బడిపిల్లలు దాని మీద గెంతుతూ ఇళ్లకి పోయారు.

పొద్దు వాలుతుండగా సూపర్‌వైజరు ఉదయ్‌భాస్కర్ వ్యానేసుకుని వచ్చాడు. సంచీలోంచి నాలుగు పచ్చకోట్లు తీశాడు. లైటు పడితే మెరిసే వెండి పట్టీలు అడ్డంగా కుట్టి ఉన్నాయి.

"తొందరగా తొడుక్కోండి, ఫొటో తీసి పైకి పంపాలి. బాబాయ్, నువ్వు మధ్యలో."

నలుగురూ బ్రేకరు వెనక వరసగా నిలబడ్డారు. ఫొటో అయింది.

"రంగెప్పుడండి బాబూ?"

"సోమవారం. మిషనుతో వేస్తారు, అది వేరే బ్యాచి."

"ఇయ్యాళ లక్ష్మివారమండి. నాలుగు రాత్రులండి! యానాంలో తాగి తిరిగొచ్చే బళ్లన్నీ ఈ దారినేనండి. ఓ డబ్బా సున్నమైనా…"

"బోర్డు పెట్టమని రాశాను బాబాయ్. నా చేతిలో ఏముంది?" ఉదయ్‌భాస్కర్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. పెట్టుకున్నాక, కాలవకేసి చూస్తూ, గొంతు తగ్గించాడు. "ఇంకోటి. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు. ఆధార్‌లో అరవై దాటిపోయింది, ఆఫీసులో ఒప్పుకోవట్లేదు. నేను చెప్పి చూశాను."

"ఆయ్, అలాగేనండి" అన్నాడు త్రిమూర్తులు.  ఇన్నేళ్లూ ఎన్ని ఊళ్లలో ఎన్ని గతుకులు పూడ్చాడో, ఎన్ని బ్రేకర్లు పోశాడో లెక్క లేదు. వాటిలో ఒక్కదాని మీదా అతని పేరు లేదు. రేపు పొద్దున్నే కాళ్లు ఎటు నడుస్తాయో తెలియదు. ముందు ఈ రాత్రి గడవాలి.

"చేతులు కడుక్కొస్తానండి" అని కాలవకేసి వెళ్లాడు. మిగిలినవాళ్లు గమేళాలు, పారలు వ్యానులోకి ఎక్కిస్తున్నారు. అతను వచ్చి వెనక తలుపు దగ్గర కూర్చున్నాడు. వ్యాను కదిలాక ఉదయ్‌భాస్కర్ సంచీ తడుముకున్నాడు.

"మూడే ఉన్నాయి. నీ కోటేది బాబాయ్?"

"పనిలో ఉందండి."

ఉదయ్‌భాస్కర్ అద్దంలోంచి వెనక్కి చూశాడు. "పోనియ్" అన్నాడు డ్రైవరుతో.

అవతలి మలుపు తిరిగేలోపు ఎదురుగా వచ్చిన మొక్కల లారీ ఒకటి లైట్లేసుకుని బడివైపు పోయింది. త్రిమూర్తులు తలుపు పట్టుకుని, మెడ బయటికి పెట్టి వింటూ ఉండిపోయాడు. బ్రేకు పడ్డ చప్పుడు. తర్వాత లారీ మెల్లగా ఎక్కి, మెల్లగా దిగిన చప్పుడు.

రోడ్డు మధ్యన బ్రేకరు నెత్తిమీద, నాలుగు కంకరరాళ్ల కింద చేతులు చాపుకుని పడుకున్న పచ్చకోటు, టైర్ల గాలికి ఒక అంచు లేపి, మళ్లీ తారుకి అంటుకుంది.