ఒకటో నంబరు బిళ్ళ

చెక్కపలక మీద ఇంకా రెండు మేకులు ఖాళీగా ఉన్నాయని రాయమల్లు ఉప్మా గిన్నె మూత తీయనివ్వలేదు. క్యాంపు పిల్లలు పరుగుకు పోయేటప్పుడు ఎవరి ఇత్తడి బిళ్ళ వాళ్ళు మేకు మీంచి తీసుకుపోవాలి, వచ్చాక తగిలించాలి. అన్ని బిళ్ళలూ చేరేదాకా ఎవరికీ టిఫిన్ లేదు. గోదావరిఖని బొగ్గుబాయిల్లో నడిచే పద్ధతే ఇది. మేకు మీద బిళ్ళ లేదంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం, వెతకడానికి దిగాల్సిందే. ఒకనాటి షిఫ్టు తర్వాత రాయమల్లు తండ్రి బిళ్ళ తిరిగి మేకెక్కలేదు. అందుకే ఈయనకు ఇంత పట్టింపు.

మనిషి పొట్టి. సరిహద్దు దళంలో హవల్దారుగా చేసి వచ్చాడు. ఎడారి ఎండకు కమిలిన మెడ, మడత నలగని చొక్కా, మెడలో నల్లతాడుకు ఈల. గొంతు పెద్దది, కోపం చిన్నది. కార్మికుల పిల్లలను ఆ దళం ఉద్యోగాలకు తయారుచేసే సర్కారు కాంట్రాక్టు రాంప్రసాద్ ఏజెన్సీకి దక్కితే, నడిపించే మేనేజరు పని రాయమల్లుకు వచ్చింది. మేనేజరన్నది పేరుకే. మైదానంలో రాళ్ళు ఏరించేదీ, పిల్లల ఛాతీలు కొలిచేదీ, ఉల్లిగడ్డలు కోసేదీ ఆయనే. బయట పల్లకీల మోత, ఇంట్లో ఈగల మోత. భార్య పోయిన ఇంట్లో ఒంటరిగా కూర్చోలేని మనిషికి ఆ మోతే బాగుంది.

రాంప్రసాద్ తండ్రి కోస్తా నుంచి వచ్చి ఇక్కడ గుమాస్తాగా చేరాడు. రాయమల్లు, రాంప్రసాద్ ఒకే క్వార్టర్ల వరుసలో పెరిగారు. రాంప్రసాద్ ఏనాడూ 'అన్నా' అనే తప్ప పేరు పెట్టి పిలవలేదు. ఆ పిలుపును నమ్మే రాయమల్లు ఇల్లిల్లూ తిరిగి పిల్లలను పోగుచేశాడు. ఆడపిల్లను పంపనని బాయి కార్మికుడు సదయ్య మొండికేస్తే, "బార్డర్ల నౌకరి వచ్చేదాక నాది పూచీ" అని చేతిలో చెయ్యేసి అతని కూతురు తిరుమలను తెచ్చాడు.

అప్పటికి బాయిలన్నీ మూతబడి ఉన్నాయి. తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది. టిఫిన్లు అవుతుండగా రాంప్రసాద్ ఫోన్ చేశాడు. హైదరాబాద్‌లో దేహదారుఢ్య పరీక్ష పెట్టారనీ, వ్యాన్ పంపుతున్నాననీ, పిల్లలను ఖాకీ బట్టల్లో ఎక్కించమనీ చెప్పాడు. రాయమల్లు కాళ్ళు నేలమీద నిలవలేదు. ఎవరి బిళ్ళ వాళ్ళ చేతికి తానే ఇచ్చి, గెలిచి వచ్చి తగిలించమన్నాడు.

వ్యాన్ మెట్టు మీద తిరుమల ఆగింది. సీట్ల కింద లాఠీల కట్టలున్నాయి.

"పరీక్షకు కట్టెలెందుకు కాకా?"

ఆయనా చూశాడు. కానీ ఫోన్ చేసి అడిగితే రాంప్రసాద్‌ను అనుమానించినట్టవుతుందని మొహమాటపడ్డాడు.

"డ్రిల్లు ఉంటది బిడ్డా. ఎక్కు."

మధ్యాహ్నం రాయమల్లు తన బిళ్ళ కూడా జేబులో వేసుకొని, సదయ్య నోరు తీపి చేద్దామని జిలేబీ కట్టించుకొని సమ్మె టెంటుకు పోయాడు. టెంటులో ఎవరూ లేరు. ఓ ప్రైవేటు కాంట్రాక్టరు బొగ్గు తీసే ఓపెన్‌కాస్టు గని దగ్గర లారీలు కదిలించడానికి కొత్త గార్డులను దింపారనీ, అందరూ అటే ఉరికారనీ పక్కనున్న టీ కొట్టు ఆమె చెప్పింది. రాయమల్లు షేర్ ఆటో ఎక్కాడు.

గేటు ముందు ఖాకీ వరుస. మడమలు కలిపి, గడ్డం ఎత్తి, తాను నేర్పినట్టే నిలబడ్డారు. చేతుల్లో లాఠీలు. ఎదురుగా వాళ్ళ అయ్యలు, కాకలు. తిరుమల ముందు సదయ్య చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు. అతను మెల్లగా తల తిప్పాడు.

"గిదేనా నీ పూచీ, రాయమల్లూ?"

రాయమల్లు పక్కకుపోయి ఫోన్ చేశాడు. రాంప్రసాద్ గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. సమ్మె అయ్యేదాకా మనుషులను ఇస్తానని లారీల వాళ్ళకు ఎప్పుడో మాటిచ్చాడట. ఇదీ శిక్షణే అనుకోమన్నాడు. మరి పరీక్ష ఏదని అడిగితే నవ్వాడు.

"చెబితే ఎక్కించేవాడివా అన్నా? నీ మాటైతేనే కదా వాళ్ళు కదిలేది."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది. ఆ 'అన్నా' మీద, ఇన్నేళ్ళూ దానికి మురిసిపోయిన తన మీద అసహ్యం పుట్టింది. ఈల నోట పెట్టుకొని పొడుగ్గా ఊదాడు. ఆ ఈల వినబడితే చేతిలో ఏమున్నా వదిలి పలక దగ్గరికి పరుగెత్తాలని నేర్పిందీ ఆయనే. మొదట తిరుమల లాఠీ కింద పెట్టింది. ఆ వెనకే వరుసంతా కదిలింది.

మైదానం పక్క షెడ్డులో ఒక్కొక్క బిళ్ళా మేకెక్కుతుండగానే రాంప్రసాద్ మనిషి తాళంకప్పతో వచ్చాడు. క్యాంపు ఎత్తేశారట. వచ్చే ఏటికి తిరుమలకు ఆ ఉద్యోగం వయసు దాటిపోతుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

"ఎక్కుమంటె ఎక్కినం, దిగుమంటె దిగినం కాకా. ఏడికి పంపుతున్నవో మాత్రం చెప్పకపోతివి."

"నాకు తెల్వదు బిడ్డా."

"కట్టెలు సూసినవు గద."

తిరుమల బిళ్ళ తగిలించి, బయట నిలబడ్డ తండ్రి వెంట వెళ్ళిపోయింది. సదయ్య లోపలికి చూడను కూడా చూడలేదు.

గోదావరిఖనిలో ఇక ఏ ముఖం పెట్టుకొని తిరగడం? బెల్లంపల్లిలో అక్క ఉంది. రాయమల్లు ట్రంకుపెట్టె సర్దుకున్నాడు. పోతూ పోతూ పలక ముందు ఆగి జేబులోంచి తన బిళ్ళ తీశాడు. ఒకటో నంబరు. చెయ్యి మేకు దాకా పోయి ఆగింది. బయటపడ్డవాడే కదా బిళ్ళ తగిలించాల్సింది. దాన్ని మళ్ళీ జేబులో వేసుకొని, మెడలోని తాడు తీసి మేకుకు వేశాడు. తర్వాత ట్రంకుపెట్టె ఎత్తుకొని బస్టాండు వైపు నడిచాడు.

తాళం వేసే మనిషి తలుపు లాగేసరికి పలక అదిరింది. మేకులన్నిటికీ ఇత్తడి బిళ్ళలు. ఒకటో మేకుకు మాత్రం నల్లతాడుతో ఈల ఊగుతోంది.