పన్నెండు డాలర్ల చదివింపులు

పత్తికి పురుగుమందు కొట్టింది నేను. చేత్తో కలిపింది నా భార్య హనుమాయమ్మ. గట్టు మీదే నురగలు కక్కుకుని చచ్చిపోయింది. మందు ఆమె తమ్ముడు బుల్లయ్య కొట్లోది.

తర్వాత కౌలు వదిలేశాను. పగలు కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు మోసి, సాయంత్రాలు కాగితం మీద రాసేవాణ్ణి. ఏ మందు ఒంట్లోకి ఎట్లా దిగుతుందో, డబ్బా మీద ఏం రాయకుండా దాస్తారో. పెదకాకాని నెట్ సెంటర్లో వీరబాబు పేజీకి పది రూపాయలు పుచ్చుకుని టైపు చేసి నా బ్లాగులో పెట్టేవాడు. పక్కన ప్రకటనలు వచ్చేవి. ఎవరైనా వాటిమీద నొక్కితే ప్రకటనల కంపెనీ నా పేర కొంత జమ చేస్తుంది. వంద డాలర్లు నిండితేనే చెక్కు.

పద్నాలుగు నెలల్లో ఎనభై ఎనిమిది.

"హీరోయిన్ల ఫొటోలు పెట్టు బాబాయ్, వారంలో నిండుద్ది," అన్నాడు వీరబాబు.

"నీ పని నువ్వు చూసుకో."

2009 జూన్‌లో టిక్కీల పని ఆగింది. చెక్కు రాకపోతే టైపుకి డబ్బుల్లేవు. రాత అక్కడితో సరి. వీరబాబు ఆ మాట బుల్లయ్య చెవిన వేశాడు.

మర్నాడు బుల్లయ్య ఊళ్ళోవాళ్ళను ట్రాక్టర్లో ఎక్కించుకుని నెట్ సెంటర్ ముందు దిగాడు.

"పన్నెండు డాలర్లేగా బావా! ఆ మాత్రం చదివించలేమా?"

పెళ్ళిపందిట్లో చదివింపులకి పిలిచినట్టే పిలిచాడు. "జక్రయ్య, అయిదు నొక్కులూ!" వీరబాబు ఒక్కొక్కరికీ మౌసు పట్టించాడు. పేరమ్మ మూడు నొక్కి లేచింది.

"మా పిల్ల పెళ్ళికి నువ్వు పదకొండు రూపాయలేగా చదివించింది. దానికిది ఎక్కువే!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఒక్కరూ ఒక్క వాక్యం చదవలేదు.

"ఒరేయ్ బుల్లయ్యా, మీ అక్క గురించి రాసిందన్నా చూడు."

"అక్క సంగతి నాకు తెలీదా? చదువుతా కూర్చుంటే ఎట్లా బావా, వెనక లైనుంది."

సాయంత్రానికి నూటనాలుగు.

మూడో రోజు కంపెనీ ఉత్తరం వచ్చింది. వీరబాబు తెలుగులో చెప్పాడు. ఒకేచోట నుంచి దొంగ నొక్కులు పడ్డాయట. ఖాతా రద్దు. జమ అయిందంతా పోయింది.

"వాళ్ళంతా నిజంగా చదివినోళ్ళేనని రాసి పంపుదామా బాబాయ్?"

"ఎవడు చదివాడు?"

బుల్లయ్య నిజంగానే దిగులుపడ్డాడు. నాలుగు రోజులు ఆగి ఇంటికొచ్చాడు.

"మందు కంపెనీవాళ్ళు కొత్తదానికి కరపత్రం కావాలంటన్నారు బావా. పేజీకి అయిదొందలు. నీకు రాత వచ్చుగా. చేత్తో కలపమాకండి, మూతికి గుడ్డ కట్టుకోండి లాంటివి మాత్రం రాయమాక. బేరం బెదురుద్ది."

రాశాను. సగం పేజీకే సరిపోయింది. డబ్బు మొత్తం ఇచ్చారు.

కరపత్రం ఊరంతా చదివింది. జక్రయ్య, బుల్లయ్య కొట్టు ముందు నిలబడి, వేలు పెట్టుకుని పైకి రెండుసార్లు చదివాడు.

"నువ్వు రాసిందంటగా అన్నా. మంచిదేనా?"

"మంచిదే," అన్నాను.

బుల్లయ్య డబ్బా తీసి అతని చేతిలో పెట్టాడు.