మూడు సెంటీమీటర్ల గుమ్మం

ఉదయం ఏడున్నర అయ్యేసరికి కాజాలావిడ పనికి కూర్చుంటుంది. ఒళ్ళో చొక్కా, పక్కన దారపు ఉండలు, ముక్కు మీంచి జారిపోయే కళ్ళజోడు. వీధి చివరి దర్జీ కొట్టు నుంచి రోజూ పది చొక్కాలు వస్తాయి. వాటికి కాజాలు కుట్టి సాయంత్రానికి పంపించెయ్యాలి. కానీ సూదిలో దారం ఎక్కించేముందు ఓసారి కిటికీ వైపు చూడాలి. చూడకపోతే ఆవిడకి చెయ్యి ఆడదు.

కిటికీ అవతల ఉన్నది పక్క బిల్డింగు గోడ. చెయ్యి చాపితే తగులుతుంది. కిటికీకున్న బ్లైండ్సులోంచి కనిపించేది మాత్రం గోడ కాదు, ఆవిడ పాత వీధి. అల్యూమినియం బ్లైండ్సు సంగతి తెలిసిందే కదా, ఏ కిటికీకి కొలత తీసి చేయిస్తే ఆ కిటికీ చూపునే పట్టుకుని ఉంటాయి, ఎక్కడికి తీసుకెళ్ళి తగిలించినా సరే. అందుకే ఇల్లు మారేటప్పుడు కొందరు వాటిని అక్కడే వదిలేస్తారు, కొందరు చుట్టబెట్టుకుని పోతారు. మంగలి కొట్టాయన పాతసామాన్లలో దొరికాయని ఏదో సముద్రపొడ్డు లాడ్జీవి తెచ్చి తగిలించాడు. గడ్డం గీయించుకోడానికొచ్చినవాళ్ళు అలలు చూస్తూ కుర్చీలోనే నిద్రపోతున్నారని ఇప్పుడు నెత్తీనోరూ కొట్టుకుంటున్నాడు.

కాజాలావిడకొచ్చిన చిక్కల్లా కొలతతోనే. కొత్త గది సన్నగా రైలుపెట్టెలా ఉంటుంది. కిటికీ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉంది, ఇంక పక్కన చోటు లేదు. బ్లైండ్సేమో దానికన్నా ఆరు సెంటీమీటర్లు వెడల్పు. పట్టకపోతే ఆవిడ ఊరుకుంటుందా? ఏటవాలుగా మేకులకి తాడేసి కట్టేసింది. దాంతో పాత వీధంతా ఒక పక్కకి ఒరిగిపోయింది. బస్సులు కొండెక్కుతున్నట్టు పోతాయి, సైకిళ్ళు జారిపడుతున్నట్టు వస్తాయి.

"ఏమండీ, మీ వీధికి ఏమైందీ, అలా వాలిపోయింది? చూస్తుంటే నాకే కళ్ళు తిరుగుతున్నాయి," అంది పక్కవాటా ఆవిడ, పెన్సిలు అప్పడగడానికొచ్చి.

"చూడమని నిన్నెవరు పిలిచారమ్మా?" అంది కాజాలావిడ.

డబ్బు పోసి చేయించుకున్నవి ఎవరికో ఎందుకు వదలాలని తెచ్చుకున్నానని అందరితోనూ చెబుతుంది. అసలు సంగతి ఎడమవైపు అంచున ఉంది. అక్కడ, వీధికి అవతల, ఒక ఆకుపచ్చ గుమ్మం కనిపిస్తుంది. అది ఆవిడ చెల్లెలిది. ఇరవయ్యేళ్ళు ఇద్దరూ ఎదురూబొదురూ ఉన్నారు. ఉప్పు అయిపోతే గట్టిగా కేకేసుకునేవాళ్ళు. ఇప్పుడు మాటల్లేక ఏడు నెలలు.

గొడవ ఈ బ్లైండ్సు దగ్గరే మొదలైంది. అప్పట్లో కాజాలావిడ కాలు విరిగి రెండు వారాలు ఆస్పత్రిలో ఉంది. అక్క వచ్చేసరికి ఇల్లు అద్దంలా ఉండాలని చెల్లెలు బ్లైండ్సు కిందికి దించి, గిన్నెలు తోమే పీచూ పౌడరూ పెట్టి ఒక్కో రేకూ బరబరా తోమేసింది. మెరుపు పోయింది, గీతలు పడ్డాయి, రెండు రేకులు వంగిపోయాయి. చంకకర్రల మీద ఇంట్లోకొచ్చి అది చూసిన కాజాలావిడకి ఒళ్ళు మండిపోయి, "నీ చెయ్యి పడ్డది ఏదైనా బాగుపడిందటే?" అనేసింది.

ఆవిడ అన్నది రేకుల గురించి. కానీ ఆ చేత్తోనే చెల్లెలు రెండేళ్ళపాటు మంచాన పడ్డ మొగుడికి ముద్దలు పెట్టి, మందులు పోసి, ఆఖరికి దక్కించుకోలేకపోయింది. అది జరిగి అప్పటికి ఇంకా ఏడాది కాలేదు. చెల్లెలు తన రెండు చేతులూ చూసుకుంది, కొంగుతో తుడుచుకుంది, వెళ్ళిపోయింది. కాజాలావిడకి నోటివెంట ఏమొచ్చిందో అప్పుడు తెలిసింది. తెలిసీ వెనక్కి పిలవలేదు. పెద్దదాన్ని, నేనెలా వెళ్ళి అడుగుతాను అనుకుంది. రెండు నెలల్లో దర్జీ కొట్టు దగ్గరవుతుందన్న వంకతో ఇల్లే మారిపోయింది.

రోజూ ఏడున్నరకి ఆ గుమ్మం తెరుచుకుంటుంది. చెల్లెలు మగ్గుతో బయటికొచ్చి మెట్ల మీద కుండీలకి నీళ్ళు పోస్తుంది, ఓసారి ఇటు తలెత్తి చూస్తుంది, లోపలికి పోతుంది. ఇటు అంటే పాత కిటికీ వైపే. అక్కడ ఇప్పుడు ఎవరివో దళసరి కర్టెన్లు. ఆ సంగతి తెలిసినా, ఆ చూపు తన మీద పడ్డట్టే ఉంటుంది కాజాలావిడకి. అది పడ్డాక సూదిలో దారం ఎక్కుతుంది. ఈమధ్య కుండీలు కాస్త తగ్గినట్టనిపించింది గానీ, వాలిపోయిన వీధిలో ఏం లెక్క తెలుస్తుంది అని వదిలేసింది.

అలా ఏటవాలుగా వేలాడి వేలాడి తాళ్ళు ఒరుసుకుపోయి ఒకటి తెగింది. ఇక లాభం లేదని మిల్లీమీటరుకి కబురు పంపింది.

మిల్లీమీటరంటే బ్లైండ్సు బిగించే ఆయన. కిటికీని పైన, మధ్యన, కింద, మూడుచోట్లా కొలవందే రంపం ముట్టడు. ఆ రోజుల్లో ఈ బ్లైండ్సు చేసిందీ ఆయనే.

"ఇదేంటక్కా, నా చేతి పనిని ఇలా ఉరేశారు?" అన్నాడు వస్తూనే.

"నన్ను అక్కా అనకు బాబూ. ఇంకేదైనా అను."

ఆయన ఆవిడ మొహం చూసి, మరేమీ అడక్కుండా టేపు తీశాడు. మూడుచోట్లా కొలిచాడు. కాగితం మీద రాసుకుని మళ్ళీ ఓసారి కొలిచాడు.

"ఆరు సెంటీమీటర్లు కొయ్యాలమ్మా. ఈ పక్క మూడు, ఆ పక్క మూడు. కోసినంతమేరా చూపు కూడా పోతుంది, అది మీకు తెలుసుగా."

కాజాలావిడ గబగబా కుడి అంచు చూపించింది. "కుడిపక్కే ఆరూ కోసెయ్యి. అక్కడేముంది, కరెంటు స్తంభం. ఎవడిక్కావాలి?"

"అలా కుదరదమ్మా. తాళ్ళు రెండూ అంచులకి సమానదూరంలో ఉండాలి. ఒకపక్కే కోస్తే బరువంతా అటు లాగి ఆరు నెల్లు తిరక్కుండా మళ్ళీ తెగుతాయి. అప్పుడు మీరు మిల్లీమీటరు పని చెడిందంటారు." ఆయన ఎడమ అంచున వేలు పెట్టి చూశాడు. ఆకుపచ్చ గుమ్మం సరిగ్గా ఆ వేలి కింద ఉంది. "మీ చెల్లెలుగారిల్లు కదూ? ఆ రోజు మంచినీళ్ళు అడిగితే మజ్జిగిచ్చారు. పోనీ, ఇలాగే కట్టి వదిలెయ్యమంటారా? ఇంకో నెలో రెండు నెలలో వస్తాయి. తర్వాత మొత్తం రేకులే వంగిపోతాయి, అసలేమీ కనపడదు."

ఆవిడ ఎడమ అంచుని ఓసారి చూసి, "కొయ్యి," అంది. అని, వంటగట్టు దగ్గరికెళ్ళి అటు తిరిగి నిలబడింది.

ఆయన అరవై రేకులూ విప్పి, ఒక్కోటీ గీత గీసి కోసి, అంచులు చేతికి గీరుకోకుండా ఆకురాయితో అరగదీశాడు. తోమినప్పుడు వంగిన రెండు రేకుల్నీ బొటనవేలితో మెల్లిగా నొక్కి సరిచేశాడు. కొత్త తాళ్ళు ఎక్కించి, పైన బ్రాకెట్లు బిగించి, వీధిని తిన్నగా నిలబెట్టాడు. బస్సు బుద్ధిగా నేలమీద నడిచింది.

"వారానికోసారి పొడిగుడ్డతో దులపండి. పాత మేజోడు చేతికి తొడుక్కుని వేళ్ళ మధ్య రేకు పెట్టి లాగితే రెండువైపులా ఒకేసారి వదులుతుంది. మరీ మురికైతే గోరువెచ్చటి నీళ్ళు, రెండు చుక్కలు సబ్బు. పీచు మాత్రం వద్దు."

"అది నాకు చెప్పకు," అంది కాజాలావిడ.

వెళ్తూ వెళ్తూ ఆయన ఓ పొట్లం చేతిలో పెట్టాడు. ఎడమవైపు కోసిన ముక్కలు పారెయ్యలేదు. వరస తప్పకుండా తాడు గుచ్చి, మూడు సెంటీమీటర్ల వెడల్పున బుల్లి బ్లైండులా కట్టాడు. "ఇది తగిలించుకోడానికి పనికిరాదమ్మా. చేత్తో ఎత్తి పట్టుకుని చూసుకోవాల్సిందే."

నాలుగు రోజులు ఆ పొట్లం బొత్తాల డబ్బాలోనే ఉంది. ఆ నాలుగు రోజులూ ఏడున్నరకి వీధి తిన్నగా, శుభ్రంగా, గుమ్మం లేకుండా కనిపించింది. దారం మూడుసార్లు ఎక్కిస్తే గానీ ఎక్కలేదు. ఓ చొక్కాకి కాజా వంకరగా వచ్చిందని దర్జీ తిప్పి పంపాడు, ఎప్పుడూ జరగనిది.

ఐదో రోజు ఆవిడ పొట్లం విప్పి, ముక్కల దండ కంటి ముందు ఎత్తి పట్టుకుంది.

గుమ్మం వాలకుండా, ఒరగకుండా, ఎదురుగా కనిపించింది. మెట్ల మీద పదిహేడు కుండీలుండాల్సిన చోట ఒక్కటే ఉంది, గులాబీది. గుమ్మం తెరుచుకుంది. చెల్లెలు మగ్గు లేకుండా ఉత్త చేతులతో బయటికొచ్చింది. పొరుగావిడెవరో వచ్చి ఆ కుండీని చంకనెత్తుకుంది. మీకెందుకు వద్దు అన్నట్టు ఏదో అడిగింది. చెల్లెలు తన రెండు అరచేతులూ చాచి చూపించి, ఇవి మంచివి కావన్నట్టు తల అడ్డంగా ఊపి నవ్వింది.

ఆ నవ్వు చూసి కాజాలావిడ దండ దించేసింది. అయ్యో, ఇది నా మాట నమ్మేసిందిరా దేవుడా, అనుకుంది. నమ్మి, బతికున్న మొక్కల్ని తన చేతుల్నుంచి తప్పిస్తోంది. ఒళ్ళో చొక్కా అలాగే కిందపడేసి, దులపడానికి దాచిన పాత మేజోడున్న సంచిలోనే ముక్కల దండ వేసుకుని, చెప్పులు కూడా సరిగ్గా తొడక్కుండా బస్సెక్కింది.

ఆకుపచ్చ గుమ్మం ముందుకి వచ్చింది. తలుపు కొట్టడానికి ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఏమని మొదలెట్టాలి? వెళ్ళిపోదామా? ఏం చెయ్యాలో తోచక సంచిలోంచి ముక్కల దండ తీసి కంటికి అడ్డం పెట్టుకుంది.

అందులో పాత కిటికీలోంచి చూసినట్టు అదే గుమ్మం కనిపించింది. దాని ముందు ఎవరో ముసలావిడ, ఇటు వీపు పెట్టి నిలబడి ఉంది. నెరిసిన చిన్న ముడి, ఒక భుజం కిందికి దిగిపోయి ఉంది, కాలికి ఒక చెప్పు తిరగబడి ఉంది. పాపం ఎవరో అనుకుంది ఒక్క క్షణం. ఆ తర్వాత తెలిసింది. ఏడు నెలల్లో ఏనాడూ ఆ గుమ్మం ముందు కనపడని మనిషి, తనే.

చూస్తుండగానే ఆ ముసలావిడ భుజం పక్కనుంచి తలుపు తెరుచుకుంది. చెల్లెలి మొహం కనిపించింది, కళ్ళు పెద్దవయ్యాయి.

"అక్కా!"

మాట రేకుల్లోంచి కాదు, ఎదురుగా, మూరెడు దూరం నుంచి వినిపించింది. కాజాలావిడ దండ కిందికి దించింది.

"తప్పుగా అన్నానే," అంది. "పాడుది నీ చెయ్యి కాదే, నా నోరు. ఏడు నెలలుగా తెలుసు. రాలేకపోయాను."

చెల్లెలు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడింది. కాజాలావిడ ముందుకెళ్ళి, వెనకనుంచి ఆ చేతుల్ని బయటికి లాగి, తన సంచిలో వెతికి, పాత మేజోడొకటి తీసి కుడిచేతికి తొడిగింది, చిన్నపిల్లకి తొడిగినట్టు.

"నా బ్లైండ్సు దుమ్ము పట్టాయి. అరవై రేకులు. కాలు నొప్పి, నా వల్ల కావడం లేదు. నువ్వొచ్చి తుడవాలి. వారం వారం."

చెల్లెలు తొడిగిన మేజోడు చూసుకుంది. "మళ్ళీ పాడైతే?" అంది మెల్లిగా.

"అయితే అవనీ," అంది అక్క. "కొత్తవి చేయిద్దాం. మిల్లీమీటరు ఉన్నాడుగా."

చెల్లెలు మేజోడు తొడిగిన చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. తర్వాత మెట్లు దిగి, నాలుగడుగులు వేసి, పొరుగింటి తలుపు తట్టింది.

"ఏమండీ," అంది, "పొద్దున్న ఇచ్చిన గులాబీ కుండీ, ఏమీ అనుకోకుండా, తిరిగిచ్చేస్తారా?"