కుడివైపు తెడ్డు

ఎడమ మోకాలు ఇక పనికిరాదని డాక్టరు తేల్చి చెప్పేనాటికి వెండెల్ చోర్బాకి ముప్పై ఒక్క ఏళ్లు. కనూ అనే సన్నటి పడవల పందెంలో కూర్చోవడమన్నది ఉండదు. తెడ్డు వేసే వైపు మోకాలు పడవలో ఆనించి, రెండో పాదం ముందుకు మోపి, ఒకే పక్కన తెడ్డు వెయ్యాలి. వెండెల్‌ది ఎడమవైపు. ఇరవై ఏళ్లుగా ఒంటి బరువంతా ఆ మోకాలే మోసింది. దాని మీదే రెండుసార్లు ప్రపంచ విజేత అయ్యాడు. ఒలింపిక్స్‌కి వెళ్లిన రెండుసార్లూ మాత్రం నాలుగో స్థానమే దక్కింది. మళ్లీ ఒలింపిక్స్ వచ్చే వేసవిలోనే.

ఆసుపత్రి నుంచి తిన్నగా తీసా నది ఒడ్డునున్న క్లబ్బుకి వెళ్లి, చిన్నప్పటి నుంచి తనకి నేర్పిన ఒట్టో బాబాయితో కుడివైపుకి మారతానని చెప్పాడు.

ఒట్టో తుడుస్తున్న తెడ్డు పక్కన పెట్టాడు.

"నీకొచ్చింది ఎడమవైపు. అది పోయింది. ఏడవాలనుంటే ఏడువు, నేనూ కూర్చుని ఏడుస్తా. పిచ్చిపనులు మాత్రం చెయ్యకురా," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వెండెల్ నదిలో ఉన్నాడు. అక్టోబరు నీళ్లు ఎముకలు కొరికేస్తున్నాయి. నాలుగు తెడ్లు వేశాడో లేదో పడవ బోర్లా పడింది. ఆ రోజు పదకొండుసార్లు పడ్డాడు. ఒకప్పుడు జంట పడవలో అతని వెనక తెడ్డు వేసినవాడు, ఇప్పుడు దేశంలో అందరికన్నా వేగంగా ఉన్నవాడు బర్నబాష్, పక్కనుంచి పోతూ పడవ ఆపాడు.

"ఏం గురూ, చేపల్ని చేత్తోనే పట్టేస్తున్నావా? పులుసు పెట్టే రోజు కబురు పంపు."

వెండెల్ కూడా నవ్వాడు. తర్వాత షెడ్డు వెనక్కి వెళ్లి మింగిన నీళ్లన్నీ కక్కుకున్నాడు.

డిసెంబరులో మొదటిసారి పడకుండా వెయ్యి మీటర్లు దాటాడు. ఫిబ్రవరిలో ఒట్టో తనంతట తానే స్టాప్‌వాచ్ పట్టుకుని ఒడ్డుకొచ్చాడు. బర్నబాష్ కన్నా పన్నెండు సెకన్లు వెనక. ఏప్రిల్‌కి అది మూడైంది. ఈలోగా కుడి మోకాలు కూడా వాచింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు గానీ, మెట్లెక్కే తీరు చూసి భార్య కింగా కనిపెట్టేసింది.

"ఈసారీ గెలవకపోతే నువ్వు బతకలేవా వెండెల్?" అని అడిగింది భోజనాల దగ్గర.

అతను ఇంకో రొట్టె ముక్క తుంచుకున్నాడు. ఆమె సగం తిన్న తన పళ్లెం తీసుకెళ్లి సింకులో పెట్టేసింది.

మే నెలలో ఊరి బయట మాత్యేర్ కాలువలో వెయ్యి మీటర్ల ఎంపిక పోటీ. గెలిచిన ఒక్కడే ఒలింపిక్స్‌కి వెళతాడు. ఆ రోజు పక్కగాలి. సగం దూరానికి బర్నబాష్ ముందున్నాడు. ఏడువందల మీటర్ల దగ్గర వెండెల్ అతన్ని అందుకున్నాడు, ఎనిమిది వందల యాభై దగ్గర దాటేశాడు. ఒడ్డున సైకిలు తొక్కుతూ ఒట్టో ఏదో అరుస్తున్నాడు. గొంతు తెలుస్తోంది, మాట తెలియడం లేదు.

ఇక ఎనభై మీటర్లుందనగా గాలి ఒక్కసారిగా విసిరికొట్టింది. పడవ ముక్కు ఎడమకి తిరిగింది. కుడిపక్కనే తెడ్డు తిప్పి దాన్ని సరిచెయ్యాలి. ఏడు నెలలు నేర్చుకున్నది అదే. కానీ ఆలోచించే వ్యవధి లేదు. ఇరవై ఏళ్ల అలవాటు చేతుల్ని లాగేసింది. తెడ్డు ఎడమకి వెళ్లింది. అటువైపు ఆనడానికి మోకాలు లేదు.

నీళ్లలోంచి తల ఎత్తేసరికి మిగతా పడవలన్నీ దాటిపోతున్నాయి. పడవ తిరగబడితే పందెం అయిపోయినట్టే. అయినా బోల్తాపడ్డ పడవని ముందుకి తోసుకుంటూ నాలుగు బారలు ఈదాడు. గీత దాటిన బర్నబాష్ వెనక్కి తిరిగొచ్చాడు.

"ముందున్నది నువ్వే. నేను చూశాను."

"ఆ మాట అనకు బర్నీ," అన్నాడు వెండెల్. "ఎప్పుడూ, ఎవరి దగ్గరా అనకు."

ఒట్టో సైకిలు గడ్డిలో పడేసి, ప్యాంటుతోనే నడుం లోతు నీళ్లలోకి దిగాడు. వచ్చే ఏడాదికి గాలిలో కూడా సాధన చేస్తానని, అలవాటవుతుందని వెండెల్ పళ్లు టకటకలాడుతుండగా ఆపకుండా చెబుతున్నాడు. ముసలాయన అంతా విని, చంకలో చెయ్యి వేశాడు.

"చాలు నాయనా. రా."

ఒడ్డు మెట్ల దగ్గర రెండు మోకాళ్లూ నిలవక అక్కడే కూలబడ్డాడు. కింగా తువ్వాలుతో ఎదురొచ్చింది. ఇప్పుడు నేనేం చెయ్యాలి అని అడిగాడు ఆమెని, నిజంగా తెలియక.  ఆమె అతని పక్కన చతికిలబడి తల తుడవడం మొదలుపెట్టింది.