ఎదురుగోడ ఫోటో

సైనిక్‌పురి ఫోటో క్లబ్బులో ఎదురుగోడ అంటే మాటలు కాదు. ఏడాదికోసారి జరిగే ప్రదర్శనలో మిగతా ఫోటోలన్నీ పక్కగోడల మీద సర్దుకోవాల్సిందే. హాల్లో అడుగు పెట్టగానే కనబడే ఎదురుగోడ మీద మాత్రం ఒకే ఒక్క ఫోటో, నిలువెత్తున. తొమ్మిదేళ్ళుగా ఊర్మిళ ఆ గోడ మీదే కన్నేసి ఉంది. తొమ్మిదేళ్ళుగా ఆమె ఫోటోలు మంచినీళ్ళ క్యాను పక్కనే వేలాడుతున్నాయి. వచ్చినవాళ్ళు గ్లాసు నింపుకుంటూ ఓ చూపు చూసి, మూతి తుడుచుకుని వెళ్ళిపోతారు.

ఈసారి మాత్రం ఆమెకు గట్టి నమ్మకం. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే మనిషి, లెక్క తప్పే రకం కాదు. తొమ్మిది సాయంత్రాలు తిరుమలగిరిలో ఒక మేడ ఎక్కి, కింద పోయే బండ్ల దీపాలు ఎర్రగా తెల్లగా దారాల్లా సాగేట్టు ఫోటో తీసింది. గీసినట్టు వచ్చింది. వంక పెడదామన్నా చోటు లేదు.

శుక్రవారం సాయంత్రం హరికిషన్ ఫోన్ చేశాడు. ఆయన క్లబ్బు ప్రెసిడెంటు, మిలిటరీలో సుబేదారుగా రిటైరైనవాడు. ఫోన్లో కూడా పరేడు మైదానంలో ఉన్నట్టే మాట్లాడతాడు.

"ముబారక్ మేడం! ఎదురుగోడ మీద ఈసారి మీరే!"

ఊర్మిళ కుర్చీలోంచి లేచి నిలబడింది. "తిరుమలగిరి ఫోటోనే గదా సార్?"

"అది గాదు మేడం. జెరూషా తీసింది. మోండా మార్కెట్ల మీరు నిలబడ్డది. ఏం మొఖం మేడం మీది! అంత గడబిడల ఎంత నిమ్మళంగున్నరు! చూస్తుంటే కడుపు నిండుతది. మీ సంతకం ఒక్కటి గావాలె."

"పెట్టకపోతే ఏమైతది?" అంది ఊర్మిళ, నవ్వులాటకు అడిగినట్టు.

"రెండో నంబరు ఎక్కుతది. అది మీ తిరుమలగిరిదే." ఆయన ఫోను పగిలేట్టు నవ్వాడు. "ఎట్లైనా గోడ మీదే మేడం!"

సంతకం రూలు పెట్టించింది ఊర్మిళే. రెండేళ్ళ కిందట ప్రదర్శనలో తన ముఖం చూసుకున్న గాజులమ్మే ఆవిడ హాలంతా లేచిపోయేట్టు గొడవ చేసింది. ముఖం గుర్తుపట్టేలా ఉంటే ఆ మనిషి సంతకం ఉండి తీరాలని అప్పుడు ఊర్మిళ పట్టుబట్టి రాయించింది. ఆ రూలు తిరిగొచ్చి తన చేతికే కలం అందిస్తుందని కలలో కూడా అనుకోలేదు.

జెరూషా ఎవరో కాదు, ఊర్మిళ చెయ్యి పట్టి నేర్పిన పిల్ల. రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. మూడేళ్ళ కిందట క్లబ్బులో చేరిన రోజు లెన్సు మూత తియ్యకుండా ఫోటో తీసి, అంతా నల్లగా వచ్చిందేంటని బిక్కమొహం వేసింది. ఊర్మిళ నవ్వుకుని, తన పాత ట్రైపాడ్ ఇచ్చి మరీ నేర్పింది. మూడేళ్ళు తిరిగేసరికి పిల్ల ఏ చెత్తకుప్ప ముందు నిలబడ్డా అది ఫోటో అయి కూర్చుంటోంది. లెక్కలు కట్టదు, మేడలెక్కదు. జనం ఆ ఫోటోల ముందు ఆగిపోతారు. అది చూసినప్పుడల్లా ఊర్మిళకు కడుపులో మంట. పైకి మాత్రం "చాలా బాగుందమ్మా" అనేది. ఆ మాట అనడానికి ఎంత ఖర్చయ్యేదో ఆమెకే తెలుసు.

మోండా మార్కెట్ సంగతి మూడు వారాల నాటిది. పొద్దు వాలుతోంది, కూరగాయల దుకాణాల్లో అప్పుడే బల్బులు వెలుగుతున్నాయి. జెరూషా ఒక పక్కగా ట్రైపాడ్ నిలబెట్టి, "అక్కా, జెర ఆడ నిలబడుండ్రి. ఇరవై సెకన్లే. కదలకుండ్రి" అంది. కెమెరా షట్టర్ అంతసేపు తెరిచి ఉంచితే, తిరిగే జనం పొగలా చెదిరిపోతారు, కదలనివాళ్ళే మిగులుతారు. ఈ కిటుకు కూడా ఊర్మిళ నేర్పిందే.

ఊర్మిళ నిలబడింది. అయిదో సెకనులోనో ఆరో సెకనులోనో, జెరూషా వెనక నుంచి ఒక తోపుడుబండి రావడం చూసింది. ఉల్లిగడ్డ బస్తాలు తల ఎత్తున పేర్చి ఉన్నాయి, తోసేవాడికి ముందేముందో కనబడటం లేదు. నేరుగా ట్రైపాడ్ మీదికే వస్తోంది. ఒక్క కేక వేస్తే చాలు. కేక గొంతు దాకా వచ్చింది. ఊర్మిళ దాన్ని అక్కడే ఆపేసింది. తగలనీ అనుకుంది. ఒక్కసారి ఈ పిల్ల ఫోటో కూడా పాడవనీ అని, ఊపిరి బిగబట్టి, బండినే చూస్తూ నిలబడింది.

ఆఖరి క్షణంలో ఎవరో బండిని పక్కకు లాగారు. ట్రైపాడ్ కదల్లేదు. బండి అంచు జెరూషా మోచేతికి గీరుకుని చర్మం లేచింది. ఊర్మిళ పరుగున వెళ్ళి తన చేతిరుమాలు కట్టింది. ఆ రాత్రి అన్నం సహించలేదు.

శనివారం పొద్దున జెరూషా చుట్టిన ఫోటో, సంతకం కాగితమూ పట్టుకుని ఊర్మిళ ఇంటికి వచ్చింది. బల్ల మీద ఫోటో పరిచింది. చుట్టూ మార్కెట్టు మార్కెట్టంతా రంగులు కలిపిన నీళ్ళలా పారుతోంది. మధ్యలో ఊర్మిళ ఒక్కతే, స్పష్టంగా. చూపు కాస్త పక్కకు ఉంది. ఆ చూపు దేనికోసం కాచుకుని ఉందో ఊర్మిళకు తెలుసు. నిమ్మళమట! అంతకన్నా పాపిష్టి సంగతి, ఫోటో అద్భుతంగా ఉంది.

"అక్కా, మీకొకటి చెప్పాలె." జెరూషా తల వంచుకుంది. "ఆ దినం బండి మీ ఎదురుంగ, మీ మీదికే వచ్చింది గదా. ఇంకెవరైనా ఉంటే అరుస్తుండె. మీరు కదల్లే. నా ఫోటో పాడైతదని అట్లనే బిగబట్టి నిలబడ్డరు. నా కోసం మా అమ్మ సుత అట్ల నిలబడది."

మోచేతి మీద మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. ఊర్మిళ కలం తీసి మళ్ళీ కింద పెట్టింది. సంతకం పెట్టకపోతే ఎదురుగోడ తనది. పెడితే ఈ ముఖమే ఊరంతా చూస్తుంది. అప్పుడు మూడో దారి తోచింది. నిజం చెప్పేస్తే? ఈ పిల్లే ఫోటో చింపి అవతల పారేస్తుంది. చెప్పకపోతే గుండె పగిలేట్టుంది, అదీ నిజమే. కానీ చింపేస్తుందన్న ఆశ కూడా అందులో సగం ఉంది.

"నీ ఫోటో కోసం కాదు జెరూషా. బండి తగులుతదేమోనని చూసిన. తగలాలెనని చూసిన."

జెరూషాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎందుకక్కా?"

"కుళ్ళు. ఇంకేముంది."

జెరూషా లేచింది. వెళ్ళిపోతుందనుకుంది ఊర్మిళ. ఆ పిల్ల ఫోటోను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురుకు పెట్టి, ఆ ముఖాన్నే చాలాసేపు చూసింది.

"అందుకే," అంది చివరికి, బొంగురు గొంతుతో. "అందరు నిమ్మళమంటుండ్రు గని, నాకెందుకో అది గాదనిపిస్తుండె. ఇయ్యాల సమజైంది." చున్నీతో ముక్కు తుడుచుకుని, కాగితం ముందుకు జరిపింది. "సంతకం పెట్టుండ్రి."

"ఇంత తెలిసినంక సుత గోడకు పెడ్తవా?"

"మీ మీద కోపమొస్తుంది అక్కా. మస్తొస్తుంది. ఇగ మీ ఇంటికి వస్తనో రానో తెల్వదు. ఫోటో ఏం జేసింది?"

ఊర్మిళ మళ్ళీ ఫోటో వైపు చూసింది. తనైతే ఎప్పుడో నాలుగు ముక్కలు చేసేది. తొమ్మిదేళ్ళు మంచినీళ్ళ క్యాను పక్కనే ఎందుకుండిపోయిందో, అడగకుండానే ఎవరో విప్పి చెప్పినట్టయింది. ఈ పిల్ల అడిగిన ప్రశ్న తనకు జన్మలో తట్టేది కాదు. దానికీ అసూయే కలిగింది, వెనకటి వాటన్నిటికన్నా ఎక్కువగా.

సంతకం పెట్టింది.

"తేదీ సుత వేయుండ్రి," అంది జెరూషా.