సముద్రానికి బుటాలు

ఎమ్మిగనూరులో తెలివితక్కువ వాళ్లకు కొదవేమీ లేదు. అయితే ఆ వరసలో మొదటి పీట ఎవరిదని అడిగితే, మునీంద్ర ఇంకొకరి పేరు చెప్పనివ్వడు. "నాదేనప్పా, దాంట్లో పోటీ ల్యా" అంటాడు. మగ్గం మీద ఆయన చేతికి వంక పెట్టేవాడు లేడు. ఉన్నదల్లా ఒకటే రోగం. ఎదుటివాళ్ల మాట సగంలో ఉండగానే "అర్థమైంది" అనేస్తాడు. పెళ్లిచూపుల్లో కాబోయే మామ "మా హేమావతికి కోపమొస్తే..." అని ఏదో చెప్పబోతే, "అర్థమైంది మామా" అని ఆపేశాడు. ఆ మిగిలిన సగం ఏమిటో అప్పటినుంచి ఇప్పటిదాకా కొంచెం కొంచెంగా తెలుసుకుంటూనే ఉన్నాడు.

అటువంటి మనిషి చేతిలో సముద్రం పని పడింది. సముద్రమంటే ఆయనకు టీవీలో తుపాను వార్తలప్పుడు కనిపించేదే. ఆయన చూసిన నీళ్లలోకెల్లా పెద్దవి మంత్రాలయం దగ్గర తుంగభద్రవి. అవి కూడా ఎండాకాలంలో మోకాలు దాటవు. ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట అని హేమావతి ఊరికే అనలేదు.

పని తెచ్చింది శివజ్యోతి. కర్నూలు పక్కనున్న కల్లూరు అమ్మాయి, చెన్నైలో సముద్రం మీద పరిశోధన చేసే ఒక సంస్థలో ఇంజనీరు. వాళ్లమ్మ కట్టుకునే మునీంద్ర నేత చీర ఎన్నేళ్లు ఉతికినా చిరగకపోవడం చూసి, నేసినవాణ్ని వెతుక్కుంటూ వచ్చింది. గుంత మగ్గం పక్కనే చాప మీద కూర్చుని విడమరిచి చెప్పింది.

"సముద్రంలో మేము బంతులు వదుల్తామన్నా. నీళ్లు యాడ వేడెక్కుతాండాయి, ఆ వేడి ఎటు పోతాండాది అని అవి కబురు పంపిస్తాయి. బంతిని గాలి తోసుకుపోయిందనుకో, అది గాలి కబురైతాది గానీ నీళ్ల కబురు కాదు. అందుకని దాని కింద పొడుగాటి గుడ్డ గొట్టం వేలాడదీస్తాము. అది నీళ్లను పట్టుకోని నీళ్లతోనే పోతాది. ఇన్నాళ్లూ నైలాను గుడ్డ వాడినాము. బంతి పనైపోయినాక ఆ నైలాను సముద్రంలోనే పడుంటాది. అదే నూలు గుడ్డయితే పనున్నన్నాళ్లు నిలబడి, తర్వాత చివికి నీళ్లల్లో కలిసిపోతాది. నిలబడతాదా లేదా తేల్చేకి ఒక గొట్టం నేసియ్యాల."

"ఆడ నీళ్లు వేడెక్కితే ఈడ మాకేంది?" అని అడిగింది హేమావతి.

"ఆ వేడిని బట్టే గదక్కా మనకు వానలు. పోయినేడు కాలం గాని కాలంలో పడలేదా?"

పడకేం! ఒక్క పూటలో మగ్గం గుంత నిండిపోయింది, పడుగంతా పాడైంది. అంతకుముందు ఏడు అసలు చినుకే లేదు. చుట్టుపక్కల ఊళ్లన్నీ వలసపోయాయి, చీర కొనే నాథుడు లేడు. వానొచ్చినా ముంచేది తననే, రాకపోయినా ముంచేది తననే, ఆకాశానికి తనంటే అంత ప్రేమ ఎందుకో అని మునీంద్ర నవ్వుకున్నాడు. నవ్వక ఏం చేస్తాడు?

హేమావతి మాత్రం నవ్వలేదు. గుంత మునిగినప్పటినుంచే బెంగుళూరు పాట ఎత్తుకుంది. ఆమె తమ్ముడు తిమ్మన్న అక్కడ ఒక అపార్టుమెంటుకు కాపలా. బావకు అదే పని, అక్కకు బట్టల ఫ్యాక్టరీలో పని చూసిపెట్టాడు. ఆమె కుట్టు కూడా నేర్చుకుంటోంది. శివజ్యోతి వెళ్లగానే మొగుణ్ని కూర్చోబెట్టి తేల్చి చెప్పింది.

"ఈ గొట్టం పాసైతే ఈడనే ఉంటాము. కాలేదంటే మగ్గం ఇప్పేసి పోతాము. మళ్లా మాట మార్చకూడదు."

ఈ మాట మాత్రం ఆయనకు చివరిదాకా అర్థమైంది. తాత తవ్విన ఆ గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంటేనే మునీంద్ర మునీంద్ర. అందులోంచి లేస్తే, ఆయన మాటల్లోనే, బజారులో తప్పిపోయిన మేక. బెంగుళూరులో గేటు పక్కన కుర్చీ వేసుకుని, వచ్చే కారుకూ పోయే కారుకూ సలాం కొట్టడం తలుచుకుంటేనే గుండెలో రాయి పడేది.

నాలుగు రోజులకు శివజ్యోతి ఫోనుకు బొమ్మ పంపింది. పొడుగాటి గొట్టం, దాని ఒంటినిండా వరసగా ఎర్రటి గీతతో గీసిన గుండ్రాలు, ఒక్కో గుండ్రం జానెడు. చూడగానే మునీంద్ర మొహం చాటంత అయింది.

"ఓయబ్బ! బుటాలు!"

తప్పు ఆయనదే, కాదనలేం. కానీ పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఆయన చేతికొచ్చిన ప్రతి బొమ్మలోనూ గుండ్రంగా ఉంటే బుటా, ఓరన బారుగా ఉంటే అంచు. మూడోది ఒకటుంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పబోయిన మనిషిని ఆయన చెప్పనివ్వలేదు.

"అన్నా, బొమ్మ సూసినావా? ఆ గుండ్రాలే ముఖ్యం, కొలత తప్పకూడదు. ఆడ గుడ్డను..." అని శివజ్యోతి ఫోనులో మొదలుపెట్టిందో లేదో, "అర్థమైంది మేడమ్! బుద్దిగా సేస్తా. నువ్వు నిమ్మళంగా ఉండు" అని పెట్టేశాడు.

"నీళ్లల్లో ఏసే గుడ్డకు బుటాలేమిటికప్పా?" అని హేమావతి అనుమానపడింది.

"సదువుకున్నోళ్లు అడిగినారంటే ఏదో ఉంటాది. చేపలన్నా సూస్తాయి కదా!"

బుటా అంటే ఆషామాషీ కాదు. పేక పేకకూ ఎర్ర నూలును చేత్తో తిప్పి తిప్పి నేయాలి. మునీంద్ర నడుము పడిపోయింది, కళ్లు గుంటలు పడ్డాయి. కానీ అంత పొందికైన నేత తన చేతిలోంచి ఎప్పుడూ రాలేదని ఆయనకే అనిపించింది. పక్కింటి మద్దయ్య వచ్చి వేలితో తడిమి, "సముద్రం కట్టుకుంటాదా, పెట్టెలో దాచుకుంటాదా?" అని ఎగతాళి చేస్తే, అది కూడా మెప్పుగానే తీసుకున్నాడు.

ఓడ మూడు రోజుల్లో చెన్నై రేవు నుంచి పోతుందనగా శివజ్యోతి బంతిని కారులో వేసుకుని వచ్చింది. సముద్రంలో వేసేముందు గాజులదిన్నె డ్యామ్ నీళ్లలో ఒకసారి దించి చూడాలి. చేపలు పట్టేవాళ్ల పుట్టి పడవ సిద్ధంగా ఉంది. సముద్రం గుడ్డ చూడడానికి మగ్గాల వీధంతా ఆటోల్లో దిగింది. మునీంద్ర తెల్లచొక్కా వేసుకుని, పసుపు కుంకుమ పెట్టిన గుడ్డను కట్ట మీద పరిచాడు. ఎండలో ఎర్ర బుటాలు ధగధగలాడాయి. ఆడవాళ్లు అబ్బా అన్నారు.

శివజ్యోతి గుడ్డ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. మళ్లీ వెనక్కి వచ్చి, ఉన్నచోటే చతికిలబడింది.

"అన్నా... ఇవి బొక్కలు."

"యాడ బొక్క?" మునీంద్ర అదిరిపడి గుడ్డంతా వెతికాడు. "ఒక్క పోగు గూడా తెగల్యా!"

"అదే గదన్నా నా బాధ! బొమ్మలో గుండ్రంగా ఉండేవన్నీ బొక్కలు. వాటిల్లోంచి నీళ్లు పోతేనే గొట్టం నిటారుగా నిలబడేది. లేదంటే మెలికలు తిరిగి బంతిని గిరగిర తిప్పుతాది. మళ్లా నేసేకి టైము ల్యా. ఓడ ఆగదు."

కట్ట మీద ఒక్కసారిగా నవ్వు పుట్టింది. మద్దయ్య అయితే కడుపు పట్టుకుని కూర్చున్నాడు. మునీంద్రకు భూమి చీలితే దిగిపోదామనిపించింది, కానీ తన రాతకు అక్కడ కూడా రాయే తగులుతుందని తెలుసు. తల తిప్పి హేమావతిని చూశాడు. ఆమె నవ్వడం లేదు. బెంగుళూరు బస్సు వచ్చి తమ ముందు ఆగినట్టే నిలబడి ఉంది.

"కత్తిరిద్దామన్నా" అంది శివజ్యోతి మెల్లగా. "బుటా ఉండేచోటల్లా. కొలత సరిగ్గానే ఉండాది."

మగ్గాల వీధిలో బొక్క అన్నదే పెద్ద తిట్టు. నేసిన గుడ్డ ఒంటికి కత్తెర తగలకూడదని మునీంద్ర తాత పెట్టిన కట్టుబాటు ఇన్నేళ్లలో ఎవరూ దాటలేదు. కత్తెర చేతికిస్తే ఆయన దాన్ని పక్కన పెట్టేశాడు. "ఇంకెవురన్నా కత్తిరించండప్పా" అన్నాడు. ఎవరూ ముందుకు రాలేదు. ఇందాక నవ్విన మద్దయ్య కూడా మొహం తిప్పుకున్నాడు. వాడూ నేతగాడే.

చివరికి మునీంద్రే మోకాళ్ల మీద కూర్చున్నాడు. మొదటి బుటా నడుమ కత్తెర మొన దించినప్పుడు, "తాతా, తప్పైంది" అని పైకే చెప్పుకున్నాడు. కళ్లలోంచి నీళ్లు గుడ్డ మీద పడ్డాయి. ఎర్రటి బిళ్ల ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని ఏం చేయాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. కాసేపటికి ఆయన జేబులు బుటాలతో ఉబ్బిపోయాయి.

తెగిన నూలు ఊరుకుంటుందా? బొక్క చుట్టూ పోగులు లేచి విప్పుకోవడం మొదలైంది. శివజ్యోతి బిక్కమొహం వేసింది. అప్పుడు హేమావతి సూదీ దారం పట్టుకుని ముందుకొచ్చింది.

"జరుగు. చొక్కాకు కాజాలు కుట్టినట్ల చుట్టూ కుట్టేస్తే లేయవు. ఇది నేసేవాళ్ల పని గాదు."

బెంగుళూరు కోసం నేర్చిన కుట్టు బెంగుళూరు పోకుండా చేయడానికి పనికొస్తుందని ఆమె మాత్రం కలగందా? మిగతా ఆడవాళ్లూ తలొక చివర పట్టారు. పొద్దు వాలేసరికి అంచులు కలిపి కుట్టిన గొట్టం తయారైంది. పుట్టిలోంచి దించితే నీళ్లలో కడ్డీ మాదిరి నిటారుగా నిలబడింది. శివజ్యోతి చప్పట్లు కొట్టింది. మునీంద్ర మాత్రం వెనక్కి తిరిగి కూర్చున్నాడు, అన్ని బొక్కలున్న తన గుడ్డను చూడలేక.

గుడ్డ ఓడెక్కింది. ఇక్కడ పనేమీ లేదు. టీ కొట్లో ఈ కథను ఆయనే అందరికీ చెప్పి నవ్వించేవాడు. పరాయివాళ్లు చెప్పి నవ్వేలోపు తానే చెప్పేస్తే నొప్పి తక్కువట. తిమ్మన్న మాత్రం ఊరుకోలేదు. "అపార్టుమెంటోళ్లు ఎన్నాళ్లు ఆగుతారు బావా?" అని అడుగుతూనే ఉన్నాడు. కోతలు అయిపోయాయి, ఎండలు ముదిరాయి. హేమావతి పెట్టెలు దులిపి ఎండలో పెట్టింది.

ఆ పొద్దునే శివజ్యోతి ఫోను వచ్చింది.

"అన్నా, పాసైనాది! గుడ్డ మేము అనుకున్నదాని కంటే ఎక్కువే నిలబడినాది. మొన్న ఓడ పోయి బంతిని పైకి లాగితే తాడుకు ఒక్క పోగు గూడా ల్యా. అంతా చివికి కలిసిపోయినాది. ఇంక మీ వీధి మగ్గాలన్నిటికీ చేతినిండా పని!"

హేమావతి జొన్నరొట్టె పిండి చేతులతో బయటికొచ్చి చూస్తే, మునీంద్ర మగ్గం గుంతలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

"పాసు గాలేదా?"

"అయినాది."

"మరి ఏమిటికి ఏడుస్తాండావు?"

"అంత బాగా నేను ఎప్పుడూ నేయలేదే హేమా. ఒక్క పోగన్నా మిగల్లేదంట." ముక్కు చీదుకుని, ఏడుపులోనే ఫక్కున నవ్వాడు. "చిరగని చీరలు నేసినన్నాళ్లు కడుపుకు లేకపోయె. చివికిపోయే గుడ్డ నేస్తే పని దొరికె. నా తెలివి చూడు, ఎంత ఆలస్యంగా తెల్లారినాదో!"

ఆమె పిండి చేతులు చీరకు తుడుచుకుని ఆయన వీపు మీద వేసింది. కాసేపు ఆయన్ను ఏడవనిచ్చింది. తర్వాత ఫోను తీసుకుని తమ్ముడికి చేసింది.

"తిమ్మన్నా, మేము రాము లేరా."

"ఏమిటికక్కా? గుడ్డ నిలిచినాదా?"

"ల్యా. అంతా చివికిపోయినాదంట."

"మరి?"

"అందుకే రాము."