హంతకుడెవరో నాకు ముందే తెలిసిన ఆదివారం

ఆదివారం పదకొండింటికి టీవీలో వచ్చే హత్యల కార్యక్రమం మా ఇద్దరిదీ. ఇద్దరిదీ అంటే నాదీ, మా ఆయనదీ. నాది బట్టలు కుట్టే కొట్టు, ఆయనది గడియారాలు బాగుచేసే కొట్టు. రెండూ మూసి ఉండేది ఆ ఒక్క రోజే. ఆ కార్యక్రమంలో హత్య జరుగుతుంది గానీ చుక్క రక్తం కనిపించదు. లావుపాటి డిటెక్టివ్ చచ్చినవాడి ఇంట్లోనే కూర్చుని కేకు తింటూ హంతకుణ్ణి పట్టేస్తాడు. సగం కథయ్యాక ప్రకటనలు రాగానే మా ఆయన నా వైపు తిరిగి, "ఊఁ, ఎవరంటావు?" అనేవారు. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా నేను సరిగ్గా చెప్పి చావలేదు. ఎప్పుడూ పాపం తోటమాలినే అనుమానించేదాన్ని. ఆయన నవ్వి నవ్వి కళ్లు తుడుచుకునేవారు.

అలాంటిది, మూడు నెలల శిక్షణ కోసమని మా చెల్లెలు వచ్చి మా ఇంట్లో దిగింది. రక్తపరీక్షల ల్యాబులో పని దానిది. మొదటి వారమే, ప్రకటనలు రాకముందే, చంపింది వంటమనిషని తేల్చేసింది. నిజమే. రెండో వారమూ అంతే. మూడో వారం ఆయన దాని వైపు తిరిగి, "మరదలు గారూ, మీరేమంటారు?" అన్నారు. నన్ను అడగనేలేదు. గారట, మీరట! ఒళ్లు మండిపోయింది. అది నా సొంత చెల్లెలే, నేను ఎత్తుకు పెంచిన పిల్లే, కాదనను. అయినా ఆ నిమిషంలో దాని మొహం చూడబుద్ధి కాలేదు.

ఆ కార్యక్రమం అసలు గురువారం మధ్యాహ్నమే వస్తుంది. ఆదివారం వేసేది రెండోసారి. ఆ గురువారం గౌను కోసం వచ్చినావిడకు దారం అయిపోయిందని అబద్ధమాడి పంపేసి, షట్టరు దించి, ఫోనులో మొత్తం చూసేశాను. హంతకుడు మందుల కొట్టువాడు.

ఆదివారం ప్రకటనలు వచ్చాయి. ఆయన మళ్లీ దాని వైపే తిరిగారు. అది మేనల్లుడంది.

"కాదు, మందుల కొట్టువాడు. దగ్గుమందులో విషం కలిపాడు," అన్నాను.

చెల్లెలు తెల్లబోయింది. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ హాయిలోనే కొంప ముంచుకున్నాను. ప్రకటనలయ్యాక డిటెక్టివ్ వచ్చి, రంగు ఆరని బెంచీ మీద కూర్చుంటాడు. వాడింకా గేటు దగ్గరుండగానే నేను పకపకా నవ్వేశాను.

ఆయన నా మొహంలోకి చూశారు. "గురువారం చూసేశావా?"

తల కొట్టేసినట్టయింది. దాంతో నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. మీరు నన్నడగడం మానేశారు, దాన్నే నెత్తికెక్కించుకున్నారు, నేనెవరికి పట్టానని దులిపేశాను. చెల్లెలు మెల్లగా లేచి లోపలికెళ్లిపోయింది.

"నేనూ ప్రతి గురువారం కొట్లో చూసేస్తాను," అన్నారాయన. "మొదట్నుంచీ అంతే. ఆదివారం నిన్ను చూడ్డానికే కూర్చునేవాణ్ణి. మీ చెల్లెల్ని అడిగింది కూడా నిన్ను ఉడికించడానికే."

కథ ఇంకా ఇరవై నిమిషాలుంది. అది అయ్యేదాకా ఆయన ఒక్కసారి కూడా నా వైపు తిరక్కుండా టీవీ వైపే చూస్తూ కూర్చున్నారు.